సూపర్‌ఛార్జర్ ఇంజన్‌కు ఇంధనం చాలకపోతే ముందుగా కొలవవలసింది ఫ్యూయల్ రైలు ఒత్తిడి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. 2 లీటర్ల, నాలుగు సిలిండర్ల, పోర్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్‌ను సిలిండర్ బయట, గాలి వచ్చే దారిలో చిమ్మే) పెట్రోల్ ఇంజన్‌కు సెంట్రిఫ్యూగల్ సూపర్‌ఛార్జర్ (బెల్టుతో తిరుగుతూ గాలిని ఇంజన్‌లోకి ఒత్తిడితో నెట్టే పరికరం) బిగించారు. మొదట్లో 150 హార్స్‌పవర్ ఇచ్చే ఆ ఇంజన్ నుంచి 6,500 ఆర్‌పీఎం దగ్గర 0.7 బార్ బూస్ట్‌తో (వాతావరణ పీడనానికి పైన ఉండే గాలి ఒత్తిడితో) 220 హార్స్‌పవర్ రాబట్టాలని అనుకుంటున్నారు. ఇంజెక్టర్లు (పెట్రోల్ చిమ్మే ముక్కులు) నిమిషానికి 440 సీసీ ఇచ్చేవి వేశారు. పంపు, దాని వైరింగ్, ట్యాంకులోనే ఉండి పెట్రోల్ ఒత్తిడిని 4 బార్ దగ్గర ఆపే రెగ్యులేటర్ అన్నీ పాతవే. రైలు అంటే ఇంజెక్టర్లకు పెట్రోల్ పంచే గొట్టం; దాని ఒత్తిడిలో వచ్చే తేడాలకు ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) ట్యూనింగ్ ఫైలులో సవరణ ఏదీ పెట్టలేదు. ఫుల్ థ్రాటిల్‌లో గాలికీ పెట్రోల్‌కూ ఉన్న నిష్పత్తిని చూపే వైడ్‌బ్యాండ్ మీటరు 4,500 దగ్గర 11.8 చూపించి, 6,200కు చేరేసరికి 12.9కి వెళ్లిపోతోంది, అంటే మిశ్రమం పలచబడుతోంది. ఇంకా పెద్ద ఇంజెక్టర్లు వేయాలా అని అడిగారు.

అక్కర లేదు. మీ ఇంజెక్టర్లు ఈ పనికి సరిపోతాయి, ఎలా సరిపోతాయో లెక్క వేసి చూపిస్తాను. దానికన్నా ముందు ఒక మాట తప్పకుండా చెప్పాలి. చివర చెప్పే పరీక్ష పరుగుల్లో తప్ప, కారణం తేలేవరకు 5,000 దాటి ఫుల్ థ్రాటిల్ ఇవ్వకండి. సూపర్‌ఛార్జర్ లేని ఇంజన్‌కు 12.9 ఇబ్బంది లేని అంకె కాబట్టి చాలామంది దాన్ని చూసి ధైర్యంగా ఉంటారు. కానీ బూస్ట్ కింద, మామూలు పెట్రోల్‌తో, దహన గదిలో వేడి ఎంతో ఎక్కువగా ఉంటుంది. ఆ స్థితిలో మిశ్రమం పలచబడితే నాక్ (మిశ్రమం అదుపు తప్పి తనంతట తాను పేలడం) మొదలవుతుంది, అది నాలుగైదు సెకన్లు కొనసాగినా పిస్టన్ మీద రింగుల మధ్య ఉండే గట్టు విరిగిపోవచ్చు. 11.5 నుంచి 12.0 మధ్య, అంటే లాంబ్డా (ఆదర్శ నిష్పత్తి 14.7తో భాగించిన అంకె) 0.78 నుంచి 0.82 మధ్య ఉంచడం మీ ఇంజన్‌కు క్షేమం.

ఇప్పుడు ఇంజన్‌కు నిజంగా ఎంత ఇంధనం కావాలో చూద్దాం. గాలిని తనంతట తాను పీల్చుకునే పెట్రోల్ ఇంజన్ ఫుల్ థ్రాటిల్‌లో ఒక హార్స్‌పవర్‌ను గంటసేపు ఇవ్వడానికి దాదాపు 225 గ్రాముల పెట్రోల్ కాలుస్తుంది. సూపర్‌ఛార్జర్ ఉన్న ఇంజన్‌కు 270 నుంచి 300 గ్రాములు పడుతుంది. ఈ తేడాకు మూడు కారణాలున్నాయి. మొదటిది, సూపర్‌ఛార్జర్‌ను తిప్పే శక్తి బెల్టు ద్వారా క్రాంక్ నుంచే వెళ్తుంది. మీ పరిమాణంలో ఉన్న ఇంజన్‌కు 0.7 బార్ దగ్గర అది 15 నుంచి 20 హార్స్‌పవర్ దాకా ఉంటుంది. ఆ శక్తి చక్రాల దగ్గర కనిపించదు, కానీ దాన్ని పుట్టించిన పెట్రోల్ మాత్రం సిలిండర్‌లోనే కాలింది. రెండవది, చల్లదనం కోసం మిశ్రమాన్ని చిక్కగా ఉంచుతాం. మూడవది, నాక్ రాకుండా ఇగ్నిషన్‌ను (స్పార్క్ పడే క్షణాన్ని) కొంత వెనక్కు జరుపుతాం కాబట్టి అంతే పెట్రోల్ నుంచి వచ్చే పని తగ్గుతుంది.

150 హార్స్‌పవర్‌ను 225 గ్రాములతో గుణిస్తే గంటకు సుమారు 34 కిలోలు వస్తుంది. పెట్రోల్ సాంద్రత లీటరుకు 0.745 కిలోలు అనుకుంటే అది 45 లీటర్లు. మీ పాత పంపును ఎంచుకున్నది ఈ అవసరానికే, పైన కొంత మిగులుతో. 220 హార్స్‌పవర్‌ను 270 గ్రాములతో గుణిస్తే 59.4 కిలోలు, అంటే గంటకు 80 లీటర్లు. శక్తి 47 శాతమే పెరిగింది, ఇంధనం మాత్రం ముప్పాతిక వంతు పెరిగింది. సూపర్‌ఛార్జర్ కొన్నవారిలో చాలామంది శక్తి పెరిగిన నిష్పత్తిలోనే ఇంధనం పెరుగుతుందనుకుని పంపు దగ్గర దెబ్బతింటారు.

గంటకు 80 లీటర్లంటే నిమిషానికి 1,330 సీసీ, ఒక్కో సిలిండర్‌కు 332 సీసీ. ఇంజెక్టర్‌ను 80 శాతం కంటే ఎక్కువ సేపు తెరిచి ఉంచకూడదన్న నియమం ప్రకారం 415 సీసీ ఇంజెక్టర్ చాలు. మీ దగ్గర 440 ఉంది. పైగా 440 అన్నది 3 బార్ దగ్గర కొలిచిన అంకె. కాబట్టి ఇంజెక్టర్‌కు అందవలసిన ఒత్తిడి అందుతున్నంత కాలం అవి 75 శాతం డ్యూటీ (తెరిచి ఉండే సమయపు వంతు) లోపలే పని ముగిస్తాయి.

అందవలసిన ఒత్తిడి అన్నచోటే మీ సమస్యంతా ఉంది. ఇంజెక్టర్ గుండా ఎంత పెట్రోల్ పోతుందన్నది రైలులో ఉన్న ఒత్తిడి ఒక్కదాని మీద ఆధారపడదు. రైలులో ఉన్న ఒత్తిడికీ, ఇంజెక్టర్ ముక్కు ఎదుట మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి పంచే గొట్టంలో) ఉన్న ఒత్తిడికీ మధ్య తేడా మీద ఆధారపడుతుంది. ఆ తేడాకు వర్గమూలం ఎంతో ప్రవాహం అంత. మీ రైలులో ఎప్పుడూ 4 బార్ ఉంటుందని అనుకుందాం. ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు) మానిఫోల్డ్ ఒత్తిడి వాతావరణ పీడనం కంటే కిందకు పడుతుంది కనుక తేడా 4.6 బార్ దాకా ఉంటుంది. 0.7 బార్ బూస్ట్ దగ్గర అదే తేడా 3.3 అవుతుంది. ఇంజన్‌కు పెట్రోల్ అవసరం బాగా ఎక్కువయ్యే కొద్దీ ఇంజెక్టర్‌ను నెట్టే బలం తగ్గుతోందన్నమాట. బూస్ట్ లేని ఇంజన్‌లో ఈ ఇబ్బంది రాదు కనుక, ట్యాంకులోనే రెగ్యులేటర్ ఉండి, మిగిలిన పెట్రోల్‌ను రైలు నుంచి ట్యాంకుకు తెచ్చే వెనక్కి పైపు లేని ఏర్పాటు అక్కడ చక్కగా పనిచేస్తుంది.

మీ అంకెలనే తీసుకుందాం. సెంట్రిఫ్యూగల్ సూపర్‌ఛార్జర్ ఇచ్చే బూస్ట్ దాదాపుగా వేగం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. 6,500 దగ్గర 0.7 ఉంటే 4,500 దగ్గర 0.34, 6,200 దగ్గర 0.64 ఉంటుంది. రైలు 4 బార్ వద్ద కదలకుండా నిలిచిందనుకున్నా ఇంజెక్టర్ దగ్గరి తేడా 3.66 నుంచి 3.36కు పడిపోతుంది, ప్రవాహం 4 శాతం తగ్గుతుంది. ఈ ఒక్క కారణంతోనే 11.8 కాస్తా 12.3 అవుతుంది. కానీ మీ మీటరు 12.9 చూపించింది. మిగిలిన తరుగు రావాలంటే ఆ సమయంలో రైలులోనే ఒత్తిడి 4 నుంచి 3.7 బార్‌కు పడి ఉండాలి. ఒత్తిడి మీటరు పెట్టకముందే వైడ్‌బ్యాండ్ ఈ సంగతి మీకు చెబుతోంది. తరుగులో సగం మీ ఏర్పాటు స్వభావం వల్ల వస్తోంది, మిగతా సగం పంపు అలసిపోవడం వల్ల వస్తోంది.

అయితే ఈ లెక్కకు ఒక షరతు ఉంది. ఈసీయూ ఆ రెండు వేగాల దగ్గరా సరైన పెట్రోల్‌నే అడుగుతూ ఉండాలి. కాబట్టి లాగ్‌లో మానిఫోల్డ్ ప్రెషర్ సెన్సర్ గీతను చూడండి. కంపెనీవారు అమర్చిన 1 బార్ సెన్సర్ వాతావరణ పీడనం పైన ఇంచుమించు ఏమీ చూడలేదు. దాన్ని అలాగే ఉంచితే బూస్ట్ ఎంత పెరిగినా ఈసీయూకు గీత ఒకేచోట చదునుగా కనిపిస్తుంది, మిశ్రమం వేగంతోపాటు పలచబడుతుంది, లక్షణాలు అచ్చం పంపు చాలనట్టే ఉంటాయి. గాలి కొలిచే మాఫ్ సెన్సర్ ఉన్న కారైతే దాని వోల్టేజీ 5 దగ్గర ఆగిపోయిందేమో చూడాలి. గీతలు సక్రమంగా పెరుగుతూ, ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయం కూడా పెరుగుతూ, అయినా మిశ్రమం పలచబడుతుంటే అప్పుడు తప్పు నిస్సందేహంగా ఒత్తిడిదే.

ఇలాంటి సందర్భంలో ట్యూనింగ్ చేసేవారు సాధారణంగా చేసే పని, 6,000 పైన మ్యాప్‌లో (ఈసీయూ పెట్రోల్ పట్టికలో) పెట్రోల్ పెంచడం. దయచేసి అది చేయనివ్వకండి. పంపు ఇవ్వగలిగిందంతా ఇచ్చేసిన తరువాత ఇంజెక్టర్‌ను మరికొంత సేపు తెరిస్తే రైలు ఒత్తిడి ఇంకా పడుతుంది. మొదట మిశ్రమం కుదిరినట్టే కనిపిస్తుంది. కాస్త వేడి రోజునో, ట్యాంకు సగానికి తగ్గినప్పుడో, ఆల్టర్నేటర్ మీద భారం ఎక్కువగా ఉన్నప్పుడో ఆ కుదిరినది చెదిరిపోతుంది. పెద్ద ఇంజెక్టర్లు వేసినా జరిగేది ఇదే. వెడల్పైన కుళాయి బిగించినంత మాత్రాన ట్యాంకులో నీళ్లు పెరగవు.

పంపు గురించి అందరూ చేసే పొరపాటు, డబ్బా మీద ఉన్న అంకెను నమ్మడం. గంటకు 255 లీటర్లు అని రాసి ఉంటే అది ఏ ఒత్తిడి దగ్గర, ఏ వోల్టేజీ దగ్గర అన్నది అడగాలి. ఏ పంపుకైనా ఒత్తిడి పెరిగే కొద్దీ ప్రవాహం తగ్గుతుంది. తయారీదారు ఇచ్చే వక్రరేఖలో మీరు చూడవలసింది మీ ఒత్తిడి దగ్గర, పంపు కనెక్టర్ వద్ద నిజంగా అందే వోల్టేజీ దగ్గర ఉన్న అంకె. మీకు 80 లీటర్లు కావాలి కనుక 4 బార్ దగ్గర, 12.5 వోల్టులతో కనీసం 100 లీటర్లు ఇచ్చే పంపును చూసుకోండి. ఆ 20 లీటర్ల మిగులు విలాసం కాదు. పంపు అరిగేటప్పుడు, ఫిల్టర్ మూసుకుపోయేటప్పుడు, పెట్రోల్ వేడెక్కేటప్పుడు తగ్గిపోయేది ఆ మిగులే. అలాగని 400 లీటర్ల పంపు కూడా మీకు వద్దు. దాని కరెంటు భారీగా ఉంటుంది. అవసరం లేని పెట్రోల్‌ను అది రోజంతా తిప్పుతూ ట్యాంకును వేడి చేస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, మీ ట్యాంకులోని చిన్న రెగ్యులేటర్ ఆ అదనపు ప్రవాహాన్ని వదిలేయలేక ఐడిల్‌లోనే ఒత్తిడిని 4 పైకి ఎగదోస్తుంది. ఏ పంపు వేసినా సరే, వేసిన తరువాత ఐడిల్ ఒత్తిడి పాత అంకె దగ్గరే ఉందో లేదో చూడటం తప్పనిసరి.

వోల్టేజీ గురించి కాస్త ఎక్కువగా చెబుతాను, ఎందుకంటే నేను అన్నిటికంటే ఎక్కువగా నష్టపోయింది దీని వల్లనే. కొన్నేళ్ల కిందట ఒక ఆరు సిలిండర్ల ఇంజన్‌కు సూపర్‌ఛార్జర్ బిగించినప్పుడు సరిగ్గా మీ లక్షణాలే కనిపించాయి. పంపు చాలడం లేదనుకుని పెద్దది వేశాను. కొంచెం మెరుగైంది, అంతే. మరో పంపు వేశాను. ట్యూనింగ్ చేసిన వర్క్‌షాప్‌వారు మ్యాప్‌లో పెట్రోల్ పెంచి, బాగుందని బండి చేతికిచ్చారు. నేనూ ఒప్పుకున్నాను. నెల తిరగకముందే మూడో సిలిండర్ పిస్టన్ రింగు గట్టు విరిగింది. ఇంజన్ విప్పిన తరువాత, చేయవలసిన క్రమంలో మొట్టమొదట చేయవలసిన పరీక్షను చిట్టచివర చేశాను. పంపు కనెక్టర్ దగ్గర, పంపు పూర్తి భారంతో తిరుగుతుండగా వోల్టేజీ కొలిచాను. బ్యాటరీ దగ్గర 13.9 ఉంటే పంపు దగ్గర 11.1 ఉంది. ట్యాంకు మూత మీద కనెక్టర్‌లో ఒక పిన్ను నల్లబడి ఉంది, ఎర్త్ వైరు బిగించిన చోట తుప్పు పట్టి ఉంది. మొదటి పంపు సరిపోయేది. నేను దానికి కరెంటే ఇవ్వలేదు.

లెక్క చాలా చిన్నది. పాత పంపు 5 లేదా 6 ఆంపియర్లు తీసుకునేది, కొత్తది 12 తీసుకుంటుంది. దారి మొత్తంలో 0.1 ఓమ్ అడ్డంకి ఉన్నా 12 ఆంపియర్ల దగ్గర 1.2 వోల్టులు దారిలోనే పోతాయి. డీసీ మోటారు వేగం వోల్టేజీతోపాటు తగ్గుతుంది. ఒత్తిడికి ఎదురు నెట్టే పంపులో ప్రవాహం అంతకంటే ఎక్కువ నిష్పత్తిలో తగ్గుతుంది. అందుచేత పంపు మార్చినప్పుడే బ్యాటరీ నుంచి ట్యాంకు దాకా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేసి, బ్యాటరీకి దగ్గరలోనే ఫ్యూజు పెట్టి, పంపు దగ్గర కొత్త రిలే అమర్చి, ఎర్త్‌ను శుభ్రం చేసిన బాడీ లోహానికి బిగించాలి. పాత పంపు వైరును ఆ రిలేకు సంకేతంగా మాత్రమే వాడాలి. పంపును నేరుగా ఇగ్నిషన్ స్విచ్‌కు కలిపేవారున్నారు. అది ప్రమాదకరం. ఇంజన్ ఆగిపోగానే, ప్రమాదంలో ఢీకొనగానే పంపును ఆపే బాధ్యత ఈసీయూది, ఆ అధికారం దాని చేతిలోనే ఉండాలి. ఇంకో సంగతి కూడా గమనించండి. కొన్ని కార్లలో పంపు వేగాన్ని ఒక మాడ్యూల్ తగ్గించి పెంచుతుంటుంది. అక్కడ పాత వైరులో వచ్చేది తెగి తెగి వచ్చే విద్యుత్తు, దాంతో మామూలు రిలే పనిచేయదు. మీ కారులో ఏ పద్ధతి ఉందో వైరింగ్ పటం చూసి నిర్ధారించుకున్న తరువాతే చేయి పెట్టండి.

ట్యాంకు లోపలి పని చిన్నదిగా కనిపిస్తుంది కానీ అక్కడ జరిగే తప్పులు కంటికి కనపడవు. పంపు నుంచి మూత దాకా వెళ్లే చిన్న గొట్టం లోపలా బయటా పెట్రోల్‌లోనే మునిగి ఉంటుంది. మామూలు ఫ్యూయల్ గొట్టం బయటి పొర అలా మునిగి ఉండటానికి చేసినది కాదు. కొన్ని నెలల్లో ఉబ్బి, మెత్తబడి, చీలుతుంది. చీలిక చిన్నదైతే ఐడిల్‌లో ఏమీ తెలియదు, పై వేగంలో మాత్రం ఒత్తిడి చాలదు. మునిగి ఉండేందుకే చేసిన గొట్టానికి ఎస్‌ఏఈ జే30ఆర్10 అన్న గుర్తు ఉంటుంది, అది ఉన్నదే వాడండి. పంపు కింద జాలీ కొత్తది వేయండి, అది ట్యాంకు అడుగుకు ఆనేలా చూడండి. పంపు తరువాత ఉండే ఫిల్టర్ ఎప్పుడు మార్చారో గుర్తు లేకపోతే మార్చాల్సిందే. పంపుకు ముందు మాత్రం సన్నటి ఫిల్టర్ ఎన్నడూ పెట్టకూడదు. పంపు నెట్టడంలో బలమైనది, పీల్చడంలో బలహీనమైనది. పీల్చే వైపు అడ్డం పడితే పెట్రోల్ ఆవిరి బుడగలై ప్రవాహం కుప్పకూలుతుంది. వేడి పెట్రోల్‌తో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది.

మలుపుల్లో మాత్రమే ఒత్తిడి పడుతుంటే అది పంపు లోపం కాదు, పెట్రోల్ ఒక పక్కకు ఒరిగి జాలీ గాలి పీల్చడం. రోడ్డు మీద తిరిగే కారుకు ట్యాంకును పావు కంటే తగ్గనివ్వకపోతే చాలు. ట్రాక్ మీద నడిపేవారికి మాత్రమే విడిగా సర్జ్ ట్యాంకు (పంపుకు ఎప్పుడూ పెట్రోల్ అందేలా ఉంచే చిన్న ట్యాంకు) అవసరం అవుతుంది.

రెగ్యులేటర్ విషయానికి వస్తే మీ ముందు రెండు దారులున్నాయి. ట్యాంకులోని 4 బార్ రెగ్యులేటర్‌నే ఉంచి, మానిఫోల్డ్ ఒత్తిడిని బట్టి ఇంజెక్టర్ ప్రవాహాన్ని సవరించే పట్టికను ఈసీయూలో నింపడం ఒకటి. వెనక్కి పైపు వేసి, మానిఫోల్డ్‌కు కలిపిన రెగ్యులేటర్‌ను రైలు దగ్గర పెట్టడం రెండోది. ఈ రెండో దారిలో బూస్ట్ ఎంత పెరిగితే రైలు ఒత్తిడి అంతే పెరుగుతుంది, ఇంజెక్టర్ దగ్గరి తేడా ఎప్పుడూ 3 బార్‌గా నిలుస్తుంది, ట్యూనింగ్ తేలికవుతుంది. 0.7 బార్ దగ్గర ఆగేటట్లయితే మొదటి దారి చాలని నా అభిప్రాయం. వర్గమూలం సూత్రంతో పట్టిక నింపడం ఒక పూట పని, కొత్త పైపులు, కొత్త కీళ్లు లేకపోతే కారే చోట్లు కూడా అన్ని తక్కువ. 1 బార్ దాటాలన్న ఆలోచన ఉంటే మాత్రం ఇప్పుడే రెండోది చేయండి.

రెండో దారి పట్టినవారు రెగ్యులేటర్‌కు వెళ్లే సన్నటి గొట్టాన్ని ఎక్కడ నుంచి తీస్తున్నారో జాగ్రత్తగా చూసుకోవాలి. సూపర్‌ఛార్జర్ కార్లలో నేను చూసిన తప్పుల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. మీలాంటి సెంట్రిఫ్యూగల్ ఏర్పాటులో థ్రాటిల్ సూపర్‌ఛార్జర్ తరువాత ఉంటుంది, గొట్టాన్ని థ్రాటిల్ దాటిన తరువాత మానిఫోల్డ్ నుంచే తీయాలి. రూట్స్ లేదా ట్విన్ స్క్రూ రకాల్లో (జంట రోటర్లతో గాలిని నెట్టే సూపర్‌ఛార్జర్లలో) థ్రాటిల్ ముందుంటుంది, రోటర్లు తరువాత వస్తాయి. అక్కడ థ్రాటిల్‌కూ రోటర్లకూ మధ్య ఉన్న చోటు నుంచి గొట్టం తీస్తే, రోటర్ల కింద బూస్ట్ ఎంత ఉన్నా రెగ్యులేటర్‌కు వాతావరణ పీడనమో, అంతకంటే తక్కువో మాత్రమే తెలుస్తుంది. ఐడిల్‌లో అంతా సవ్యంగా కనిపిస్తుంది, బూస్ట్‌లో మాత్రం రెగ్యులేటర్ ఏ సాయమూ చేయదు. ఆ గొట్టాన్ని రోటర్ల కింద నుంచి తీయాలి, వేరే ఏ పరికరానికీ దాన్ని పంచకూడదు.

పాత కిట్లతో ఎఫ్‌ఎంయూ అనే రెగ్యులేటర్ వచ్చేది. 1 బార్ బూస్ట్‌కు 1 బార్ కాకుండా 8, 10, 12 బార్ల చొప్పున రైలు ఒత్తిడిని పెంచి, చిన్న ఇంజెక్టర్లతోనే పని జరిపించేది. ఎవరైనా మీకు అది ఇవ్వజూపితే వద్దనండి. ప్రవాహం రెట్టింపు కావాలంటే ఒత్తిడి నాలుగు రెట్లు కావాలి. 10 రెట్ల ఎఫ్‌ఎంయూతో 0.5 బార్ బూస్ట్‌కే రైలు 3 నుంచి 8 బార్‌కు పోవాలి. ఆ ఒత్తిడి దగ్గర చాలా పంపులు ఇచ్చే ప్రవాహం నామమాత్రం, కొన్నింటిలో లోపలి రక్షణ కవాటం అంతకు ముందే తెరుచుకుంటుంది. ఈసీయూను మార్చలేని రోజుల్లో అది తప్పనిసరి ఉపాయం. ఇప్పుడు ఆ అవసరం లేదు.

ఇంజెక్టర్లు పెద్దవైతే నష్టమేమిటని కూడా అడిగారు. నష్టం ఐడిల్‌లో ఉంది. మీ ఇంజన్ ఐడిల్‌లో ఒక్కో సారికి చిమ్మవలసిన పెట్రోల్ సుమారు 0.009 సీసీ. 440 సీసీ ఇంజెక్టర్ దాన్ని 1.2 మిల్లీసెకన్లలో ఇస్తుంది, 1,000 సీసీ ఇంజెక్టర్‌కు 0.6 కూడా పట్టదు. ఇంజెక్టర్‌కు కరెంటు అందిన తరువాత అది తెరుచుకోవడానికే దాదాపు 1 మిల్లీసెకను పడుతుంది, వోల్టేజీ తగ్గితే ఇంకా ఎక్కువ. ఈ డెడ్ టైమ్ అంకెలో చిన్న పొరపాటున్నా 0.6 మీద దాని ప్రభావం రెట్టింపుగా పడుతుంది. అందుకే ప్రవాహం ఒక్కటే కాదు, వేర్వేరు వోల్టేజీల దగ్గర, ఒత్తిళ్ల దగ్గర డెడ్ టైమ్ పట్టిక, అతి తక్కువ సమయాల సవరణ పట్టిక ఇచ్చే తయారీదారు ఇంజెక్టర్లనే కొనాలి. మీ 440ల పట్టిక మీ దగ్గర లేకపోతే అమ్మినవారిని అడిగి తెప్పించుకోండి, వేరే రకం ఇంజెక్టర్ పట్టికతో సరిపెట్టవద్దు. వాటి అడ్డంకిని కూడా ఒకసారి మీటరుతో కొలవండి. 12 నుంచి 16 ఓములు ఉంటే మీ ఈసీయూ నేరుగా నడపగలదు. 2 నుంచి 5 ఓముల రకమైతే వాటికి వేరే డ్రైవర్ కావాలి, లేకుంటే ఈసీయూ కాలిపోతుంది.

మున్ముందు ఇ85 (85 శాతం దాకా ఇథనాల్ కలిపిన పెట్రోల్) వాడే ఆలోచన ఉంటే పై లెక్కలన్నీ మారతాయి. దాని ఆదర్శ నిష్పత్తి 9.8, పెట్రోల్‌ది 14.7. పరిమాణంలో సుమారు 40 శాతం ఎక్కువ పోయాలి, అంటే మీ 80 లీటర్లు 112 అవుతాయి, 415 సీసీ ఇంజెక్టర్ 580 కావాలి. పంపు, గొట్టాలు, సీళ్లు ఇథనాల్‌ను తట్టుకునేవి కావాలి. ఆ ఆలోచన లేకపోతే దాని కోసం ఇప్పుడే పెద్దవి కొనకండి.

డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే పద్ధతి) ఉన్నవారు కూడా ఇది చదువుతారు కనుక రెండు మాటలు. అక్కడ ట్యాంకు పంపు తరువాత, క్యామ్‌షాఫ్ట్ తిప్పే అధిక ఒత్తిడి పంపు ఇంకొకటి ఉంటుంది. పెట్రోల్ చిమ్మే వ్యవధి ఇన్‌టేక్, కంప్రెషన్ దశలకే పరిమితం, 6,000 ఆర్‌పీఎం దగ్గర ఆ రెండు దశలూ కలిపి 10 మిల్లీసెకన్లే. పోర్ట్ ఇంజెక్షన్‌కు అదే వేగం దగ్గర మొత్తం చక్రం, అంటే 20 మిల్లీసెకన్లు దొరుకుతాయి. అందువల్ల అక్కడ హద్దు చాలా త్వరగా వస్తుంది. 2019 కార్వెట్ జెడ్‌ఆర్1లో 755 హార్స్‌పవర్ ఇచ్చే సూపర్‌ఛార్జర్ ఇంజన్ ఎల్‌టీ5కు షెవర్లే సంస్థే డైరెక్ట్ ఇంజెక్టర్లతోపాటు పోర్ట్ ఇంజెక్టర్లు కూడా పెట్టింది.

ఇక మీరు చేయవలసిన మొదటి పని. 0 నుంచి 10 బార్ కొలిచే, 0.5 నుంచి 4.5 వోల్టులు ఇచ్చే ప్రెషర్ సెన్సర్ ఒకటి తీసుకుని, రైలు నుంచి పొట్టి గొట్టంతో బాడీకి బిగించి, దాని సంకేతాన్ని ఈసీయూ లాగ్‌లోకి తీసుకోండి. సెన్సర్‌ను ఇత్తడి కీలుతో నేరుగా రైలు మీద నిలబెడితే ఇంజన్ కంపనానికి కీలు విరిగి పెట్రోల్ వేడి ఇంజన్ మీద పడుతుంది. ముల్లు ఉన్న మీటరు బానెట్ కింద ఐడిల్ చూడటానికి పనికొస్తుంది, పెట్రోల్ గొట్టాన్ని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కూర్చునే చోటికి తీసుకురాకండి. గొట్టాలు విప్పే ముందు పంపు ఫ్యూజు తీసి, ఇంజన్ తనంతట ఆగిపోయేదాకా నడిపి, బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. పక్కన మంటలార్పే సిలిండర్ ఉండాలి. బిగించిన తరువాత ఇంజన్ స్టార్ట్ చేయకుండా పంపును రెండు మూడు సార్లు తిప్పి ప్రతి కీలునూ చేత్తో తడిమి చూడండి.

ఆ తరువాత డైనో (కారును నిలిపి ఉంచి శక్తిని కొలిచే యంత్రం) మీద గాని, మూసి ఉన్న ట్రాక్ మీద గాని, ట్యాంకు సగానికి పైగా ఉంచి, మొదట 5,000 దాకా, అంతా సవ్యంగా ఉంటేనే 5,500 దాకా ఒక్కో పరుగు తీయండి. లాగ్‌లో రైలు ఒత్తిడి, మానిఫోల్డ్ ఒత్తిడి, ఇంజెక్టర్ డ్యూటీ, వైడ్‌బ్యాండ్, పంపు కనెక్టర్ దగ్గరి వోల్టేజీ, ఈ అయిదూ ఒకే కాల రేఖ మీద ఉండాలి. రైలు 4 బార్ నుంచి జారడం మొదలైన వేగం దగ్గర వోల్టేజీ కూడా 12.5 కంటే కింద ఉంటే వైరింగ్‌తో మొదలుపెట్టండి, పంపు మార్చే అవసరం తప్పినా తప్పవచ్చు. వోల్టేజీ 13 పైన నిలిచి ఒత్తిడి మాత్రమే జారుతుంటే ముందు ఫిల్టర్, తరువాత పంపు. ఒత్తిడి జారకుండానే మిశ్రమం పలచబడితే అది పట్టిక నింపని లోపం.

సెన్సర్‌ను పని అయిపోయాక తీసేయకండి. 0.2 బార్ బూస్ట్ పైన రైలుకూ మానిఫోల్డ్‌కూ మధ్య తేడా ఉండవలసిన దానికంటే 0.4 బార్ తగ్గితే ఇంజన్ వేగాన్ని 4,000 దగ్గర కోసేయమని ఈసీయూకు ఆజ్ఞ పెట్టండి. ఆ ఒక్క నియమం నా ఆరు సిలిండర్ల ఇంజన్‌లో ఉండి ఉంటే మూడో పిస్టన్ ఈ రోజుకీ తిరుగుతుండేది. 5,500 దాకా తీసిన లాగ్ చేతికి రాగానే ఆ అయిదు గీతలూ ఇక్కడ పెట్టండి, పంపు పరిమాణం ఎంత కావాలో వాటిని చూసి ఖాయం చేద్దాం.